రెండు గ్రాముల చెయ్యి

"దగ్గరికైతే అదే ఉరికొస్తది, సరే. మళ్ల దూరం ఎవరు గుంజుతున్నరు అబ్బా?"

కరీంనగర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న యుమ్నా ఈ మాట అడిగినప్పుడు ఆమె తండ్రి రహమాన్ ఒక సైకిలు చక్రం ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. ఎడమచేతిలో పళ్లెమంత ప్లాస్టిక్ షీటు ముక్క ఉంది. గడ్డం నిండా దూది అంటుకుని, యాభై రెండేళ్ల మనిషి ఎనభై దాటినవాడిలా కనిపిస్తున్నాడు. రహమాన్ భార్య వైపు తిరిగి, "ఫీజులు కట్టి చదివిపిస్తే ఇంటికొచ్చి నన్నే సవాల్ అడుగుతున్నది చూసినవా?" అన్నాడు.

"జవాబు రాకుంటే రాదని చెప్పున్రి," అంది అజీజా, వెల్లుల్లి పొట్టు తీస్తూ.

ఆమె కూర్చున్నది పీట మీద కాదు, దూది ఏకే మిషన్ మోటారు మీద. నాలుగు రోజులుగా వెల్లుల్లి అక్కడే ఒలుస్తోంది, బియ్యం అక్కడే ఏరుతోంది, ఫోన్లు అక్కడి నుంచే మాట్లాడుతోంది. ఎందుకంటే శనివారం పొద్దున ఆ మోటారును కొనుక్కుపోవడానికి నిర్మల్ నుంచి మనిషి వస్తున్నాడు. యుమ్నా ప్రశ్న అడిగింది బుధవారం. మధ్యలో రెండే రోజులు.

ఇదంతా రెండేళ్ల కింద, భైంసాలో, జనవరిలో.

రహమాన్ పరుపులు కుట్టేవాడు. తాత విల్లుతో దూది ఏకాడు. తండ్రి విల్లుతో మొదలుపెట్టి మిషన్‌తో ముగించాడు. రహమాన్ మిషన్ దగ్గరే పుట్టినట్టు లెక్క. భైంసా పత్తి ఊరే కానీ లారీల్లో వచ్చే పత్తికీ ఇతనికీ సంబంధం తక్కువ. ఇతని దగ్గరికి వచ్చేది ఇళ్లలో నలిగిన దూది. ఐదారేళ్లు ఒక కుటుంబమంతా పడుకుని, పొర్లి, పాలు ఒలకబోసి, పోట్లాడుకుని గడ్డ కట్టించిన పరుపును రిక్షాలో వేసుకొస్తారు. అతను దాని కుట్లు విప్పి, లోపలి దూదిని మిషన్‌లో వేసి ఏకుతాడు. గడ్డలు విడిపోయి మళ్లీ మబ్బులా లేచిన దూదిని కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇస్తాడు.

దూదేకేవాళ్లు దూది కొట్టేస్తారని అందరికీ ఒక అనుమానం. ఆ అనుమానం మీద రహమాన్ తండ్రి ఒక పద్ధతి పెట్టాడు, కొడుకు దాన్ని ఛాదస్తం దాకా తీసుకుపోయాడు. పరుపు రాగానే దూదిని తూకం వేస్తాడు. ఏకినాక మళ్లీ వేస్తాడు. తేడా వస్తుంది, రాక తప్పదు. దుమ్ము, గింజ ముక్కలు, తెగిన దారాలు, ఎప్పుడో పోయిన చెవికమ్మ కూడా దూదిలోంచి బయటపడతాయి. దాన్ని తరుగు అంటారు. మిగతావాళ్లు తరుగును పారబోస్తారు. రహమాన్ సంచిలో కట్టి పరుపుతో పాటు వాపసు ఇస్తాడు. "పదకొండు కిలోలు తెచ్చిండ్రు. ఇగో పది కిలోల నాలుగు వందలు మీ దూది. ఇగో ఆరు వందలు మీ దుమ్ము. సరిపాయెనా?" సరిపోతుంది. పరుపు తెచ్చిన గిరాకీ ఆ దుమ్ము సంచిని నాలుగడుగులు మోసి సందు మలుపులో పడేస్తుంది. ఆ మలుపులో పుట్టిన గుట్టకు మున్సిపాలిటీ వాళ్లు రహమాన్ పేరే పెట్టారు.

ఒక నోటుబుక్కులో అన్నీ ఉంటాయి. దూదికి ఒక గడి, గుడ్డకు ఒకటి, దారానికి ఒకటి. సూది విరిగితే అదీ రాస్తాడు. చివరి గడి చేతి మజూరీ. కొత్తగా వచ్చే గిరాకీకి అందులో అంకె ఉంటుంది. తండ్రి కాలం నుంచి వస్తున్న పాత ఇళ్లకు, ఓ పది పన్నెండు ఉంటాయి, ఆ గడి ఖాళీ. "పాత ఇండ్లోళ్లతోని మజూరీ మాట్లాడొద్దు. వాళ్లే చూసుకుంటరు," అని తండ్రి చెప్పిపోయాడు. వాళ్లు చూశారు. చూడటం తప్ప ఏమీ చేయలేదు. మన ఊళ్లలో ఆప్యాయత అనే మాటకు చాలా అర్థాలు చెబుతారు గానీ, పని చేసేవాడి వైపు నుంచి చూస్తే ఒకటే అర్థం. డబ్బులు అడగకూడదు.

ఆ ఏడు చలి విపరీతం. గాలిలో తడి అన్నమాటే లేదు. పెదాలు పగిలాయి, కుక్కలు ఎండ వెంట జరిగి జరిగి రోడ్డు మధ్యకు వచ్చాయి. పాత గోనెపట్టా చిరిగిపోయిందని రహమాన్ ఒక మందపాటి ప్లాస్టిక్ షీటు కొని నేల మీద పరిచాడు. ఏకిన దూదిని దాని మీద కుమ్మరించి కర్రతో కొట్టి, రెండు చేతులతో ఎత్తబోయాడు.

దూది రాలేదు. పట్టుకుంది. బలంగా లాగితే చిటపటమని చప్పుడు చేస్తూ ఊడింది. ఊడిన ముక్కను పక్కన పెడితే, అది జానెడు దూరం నుంచి ఎగిరి మళ్లీ షీటుకే అతుక్కుంది. రహమాన్ ఇంకో ముక్క పెట్టాడు. అదీ ఎగిరింది. పిల్లి వచ్చి షీటు మీద నుంచి నడిచి, అవతలి వైపు గొర్రెలా దిగింది. గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంది. అజీజా స్టీలు గ్లాసులో చాయ్ అందిస్తుంటే వేళ్ల మధ్య నిప్పురవ్వ ఎగిరింది.

"అల్లా! పెండ్లయి ఇరవై ఐదేండ్లాయె. గిప్పుడు చెయ్యి తాకితే ఝల్లుమంటుందేంది!" అంది అజీజా.

"అప్పుడు చలి లేకుండె," అన్నాడు రహమాన్.

ఇందులో మాయ ఏమీ లేదు. దూదీ ప్లాస్టిక్కూ ఒరుసుకుంటే ఒకదాని మీది విద్యుదావేశం కొంత రెండోదాని మీదికి చేరుతుంది. ఒకటి ధనావేశం, ఒకటి రుణావేశం. విడదీస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇది బడి పుస్తకంలో ఉన్నదే. రహమాన్ బడి ఐదో తరగతితో ఆగింది కాబట్టి అతనికి ఇది ఆ పొద్దున్నే పుట్టింది. మొదటిసారి చూసినవాడి సంబరం అతనిది. ఆ సంబరంలో ఒక ఆలోచన వచ్చింది, అది కూడా అంత మొదటిదే. ఎవరూ ముట్టకుండా దూది ఉరుకుతోందంటే, ఆ జోరు ఊరికే వస్తున్నట్టే కదా?

మధ్యాహ్నానికల్లా పాత సైకిలు చక్రాన్ని స్టాండుకు నిలబెట్టాడు. ఆరు పుల్లల చివర ఆరు దూది ఉండలు కట్టాడు, ఒక్కోటీ షీటు మీద కొట్టి ఊడదీసినవి. షీటు ముక్కను ఎడమచేత్తో దగ్గర పెట్టాడు. దగ్గరి ఉండ షీటు వైపు ఉరికింది, చక్రం తిరిగింది. ఉండ ఎదురుగా రాగానే షీటును జర పైకి లేపాడు. చక్రం ఆ ఊపులో ముందుకు పోయింది. మళ్లీ షీటు దింపాడు. రెండో ఉండ ఉరికింది. లేపాడు. దింపాడు. ఒక చుట్టు, రెండు, పది. రహమాన్ కేక విని వీధి వీధంతా లోపలికి వచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది. ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో మిఠాయి తెచ్చారు. నెలకు పద్దెనిమిది వందలు కరెంటు బిల్లు కట్టే మనిషి ఆ సాయంత్రం మీటరు వైపు చూసి, "ఇగ నీ పని అయిపాయె బేటా," అన్నాడు.

మధ్యలో చాయ్ తాగడానికి లేచాడు. చక్రం ఆగిపోయింది.

"ఆగిందేంది భాయ్?" అన్నారెవరో.

"నేను తాగొద్దా? నాతోని అది గూడ జర దమ్ము తీసుకుంటది," అన్నాడు. అందరూ తలూపారు.

పరుపు కోసం వచ్చిన జనార్దన్‌రావు అది చూశాడు. అరవై నాలుగేళ్లు, ఊరవతల నలభై ఎకరాల పత్తి, సోయా. పాత ఇళ్లలో మొదటి ఇల్లు ఆయనదే. తెల్లబట్టల మీద దూది పడుతున్నా పట్టించుకోకుండా చక్రం ముందు గంట నిలబడ్డాడు.

"రహమాన్, ఇది పెద్దగ చేస్తే నా బావి మోటార్ నడుస్తదా?"

"ఎందుకు నడవది రావు సాబ్? చక్రాలు పెంచాలె, గంతే."

"మీకెందుకు సాబ్?" అంది అజీజా. "పొలాలకు సర్కారు కరెంటు ఉత్తగనే ఇస్తున్నది గద."

"ఉత్తదే గానీ అది సర్కారుదమ్మా. నాకు నా సొంత ఉత్తది కావాలె."

ఇరవై రెండు వేలు అప్పు ఇచ్చాడు. వాటితో పన్నెండు సైకిలు చక్రాలు, బేరింగులు, నలభై మీటర్ల షీటు వచ్చాయి. ఫోన్‌తో ఊరి వార్తలు తీసే సాయిచంద్ వచ్చి వీడియో తీశాడు. వెనక వేణువు, ముందు రహమాన్ గడ్డం, కింద 'మన భైంసా మేధావి' అనే అక్షరాలు. నలభై వేలమంది చూశారు. చదువు లేనివాడి బుర్రలో సైన్సు దానంతట అదే మొలుస్తుందని నమ్మడం మనకు మహా ఇష్టం. అలా నమ్మితే బడికి మేష్టర్ని వేసే ఖర్చు తప్పుతుంది. ఆ నలభై వేలమందిలో ఒక్కరు కూడా వీడియోలో ఎడమచేతి వైపు చూడలేదు. కెమెరా దాన్ని సగం కోసేసింది కూడా.

ఇక మోటారు సంగతి. పన్నెండు చక్రాలూ కలిసి ఏకుడు మిషన్‌ను తిప్పుతాయి కాబట్టి మోటారు అవసరం లేదని రహమాన్ తేల్చాడు. చక్రాలన్నిటినీ ఒక ఇరుసుకు బిగించాలంటే ఇంకో తొమ్మిది వేలు కావాలి. పాత మోటార్లు కొని అమ్మే నిర్మల్ పరశురాములు సరిగ్గా తొమ్మిది వేలకు ఒప్పుకున్నాడు, వెయ్యి బయానా ఇచ్చాడు, శనివారం వచ్చి పట్టుకుపోతానన్నాడు. అజీజా లెక్క వేరే. ఫిబ్రవరి ఆఖరుకు నలభై పెళ్లి పరుపులు ఇవ్వాలి. ఏడాది తిండి అందులోనే ఉంది. మోటారు పోతే మిషన్ ఇనప బీరువా అవుతుంది. కొత్తది కొనాలంటే ఇరవై వేలు. అవి లేవు. అందుకే మోటారు మీద కూర్చుంది.

"నేను లేసిన్నాడే ఇది లేస్తది," అని చెప్పి, కరీంనగర్‌కు ఫోన్ చేసింది. "యుమ్నా, పరీక్షలు ఒడిసినయా? ఒడిస్తే ఎంటనే రా. మీ అబ్బాకు పిచ్చి పట్టిందంటే దవాఖానకు తీస్కపోతుంటి. గాయనకు సంతోషం పట్టింది. దానికి మందు లేదు."

అలా వచ్చింది యుమ్నా. వచ్చీరాగానే ఆ ప్రశ్న వేసింది. గురువారమంతా పుస్తకం పట్టుకుని తండ్రి వెంట తిరిగింది.

"శక్తి నిత్యత్వ నియమమని ఉంటది అబ్బా. శక్తి కొత్తగ పుట్టది, ఉన్నది పోదు. ఒక రూపంలకెల్లి ఇంకో రూపంలకు మారుతది, గంతే."

"నియమం ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరు పెట్టలే. అట్లనే ఉంటది."

"ఎవరు పెట్టంది నియమమెట్లైతది బిడ్డా? పెట్టినోడు భైంసాకొచ్చి నా చక్రం చూసిండా?"

శుక్రవారం ఆమె కాగితం మీద సమీకరణం రాసి చూపింది. రహమాన్ దాన్ని తిరగేసి, మరగేసి, వెలుతురుకు పెట్టి చూశాడు. "రాత ఎవలైనా రాస్తరు. సాయిచంద్ గూడ నన్ను మేధావని రాసిండు. తరాజు చెప్తే ఇంట. తరాజు తప్ప ఈ దుకాన్ల ఎవల మాట ఇనను," అన్నాడు.

యుమ్నా పుస్తకం మూసింది. లేచి వెళ్లి పక్క వెండి దుకాణంలో గ్రాములు తూచే చిన్న ఇత్తడి తరాజు అడిగి తెచ్చుకుంది. అజీజా మోటారు మీద నుంచే అంతా చూసింది.

శనివారం తొమ్మిదింటికి పరశురాములు ట్రాలీ ఆటోలో వచ్చాడు. పానాలు, మోకు, మోయడానికి ఒక మనిషి, అన్నీ తెచ్చుకున్నాడు. మోటారు మీద అజీజాను చూసి ఆగిపోయాడు.

"భాయ్, మోటార్ ఒక్కదాన్నే మాట్లాడుకున్నం," అన్నాడు.

"పది నిమిషాలు ఆగు మామా," అంది యుమ్నా. "చక్రం జర చూసి పో. నలభై వేలమంది చూసిండ్రు, నువ్వే చూడలే."

అప్పటికి జనార్దన్‌రావు కూడా వచ్చాడు. సాయిచంద్ ఫోన్ పైకెత్తాడు. రహమాన్ హుషారుగా చక్రం ముందు కూర్చుని, దూది ఉండలను షీటు మీద కొట్టి ఊడదీసి కట్టి, ఎడమచేత్తో షీటు పట్టుకోబోయాడు.

"ఒక్క నిమిషం అబ్బా. ఇయ్యాల నువ్వు మేధావివి. మేధావులు చేతులు కట్టుకొని నిలబడతరు."

యుమ్నా షీటును స్టూలుకు కట్టింది. ఐదు ఉండలు విప్పేసి ఒక్కటే ఉంచింది. దాన్ని షీటుకు మూరెడు దూరంలో నిలబెట్టి వదిలింది. ఉండ కదిలింది. మొదట నెమ్మదిగా, తర్వాత పెళ్లి భోజనానికి ఉరికినట్టు ఉరికి, షీటు ముందు నుంచి సర్రున దాటిపోయింది. జనం హోయ్ అన్నారు. దాటాక ఏమైందో, అడుగు అడుగుకూ బరువెక్కినట్టు వేగం తగ్గింది. బయల్దేరినంత దూరం కూడా పోకముందే ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్లీ ఉరికింది, దాటింది, ఆగింది. అటూ ఇటూ, అటూ ఇటూ, ప్రతిసారీ కొంచెం తక్కువ. చివరికి షీటు ఎదురుగా వచ్చి నిలబడిపోయింది. ఇక కదల్లేదు.

"షీటుకు దమ్ము చాల్తలేదు. పెద్దది పెట్టాలె," అన్నాడు జనార్దన్‌రావు.

"పెద్దది ఎంత జోరుగ గుంజుకుంటదో, పోనియ్యకుంట గంతే జోరుగ పట్టుకుంటది రావు సాబ్."

రహమాన్ కట్టుకున్న చేతులు విప్పాడు. "నేను జర లేపితె తిరుగుతది గద! గది నువ్వు చెయ్యనిస్తలేవు."

"ఎంత లేపుతవు?"

"జర."

"జర అంటే ఎంత?"

"జర అంటే జర. అండ్ల ఏముంది? చెయ్యే గద, ఏం లేదు."

"ఏం లేదా? తూకమేద్దామా?"

ఆ మాటతో రహమాన్ మొహం మారింది. ముప్పై ఏళ్లుగా తూకానికి ఎవరు పిలిచినా వెనకాడని మనిషి. "ఎయ్యి," అన్నాడు.

ఆమె తరాజును పైన కొక్కేనికి తగిలించింది. ఒక పళ్లెం కింద షీటు ముక్కను వేలాడదీసి, రెండో పళ్లెంలో తూకపు రాళ్లు వేసి ముల్లు సరిగ్గా మధ్యకు తెచ్చింది. రహమాన్ వంగి, ఒక కన్ను మూసి చూసి, సరే అన్నాడు. అప్పుడు ఆమె స్టూలుకు అతికించిన దూదిని షీటు కిందికి జరిపింది. తాకలేదు, నాలుగు వేళ్ల సందు ఉంది. పళ్లెం కిందికి ఒరిగింది. తానుగా ఒరిగింది.

"షీటు బరువు పెరిగిందా అబ్బా?"

"లేదు."

"మరి పైకి లేపు. చెయ్యితోని కాదు, రాళ్లతోని."

అతను అవతలి పళ్లెంలో గ్రాము రాయి వేశాడు. లేవలేదు. ఇంకో గ్రాము వేశాడు. షీటు వణికి, లేచింది.

"రెండు గ్రాములు," అంది యుమ్నా. "షీటు అదే, దూది అదే. ఈ రెండు గ్రాములు ఎవలు ఎత్తుతున్నరు?"

రహమాన్ తన ఎడమచెయ్యి వైపు చూసుకున్నాడు. అది తనదేనా కాదా అన్నట్టు తిప్పి తిప్పి చూశాడు.

"దూది ఉరికొచ్చేటప్పుడు ఎంత జోరు తెచ్చుకుంటదో, షీటును దూరం తీసేటప్పుడు నీ చెయ్యి గంతా కడుతున్నది. అసలు మొదట్ల ఆ దూదిని షీటు మీదికెల్లి ఊడదీసింది ఎవలు? చిటపటమన్నది గద. అప్పుడే నువ్వు పెట్టినవు. నువ్వు పెట్టిందే తిరిగొస్తున్నది. పిసరంత గూడ ఎక్కువ రాదు."

"తక్కువ వస్తదా?" అన్నాడు రహమాన్ హఠాత్తుగా.

"వస్తది. గాలి, బేరింగు, చప్పుడు, వేడి. అండ్ల కొంచెం పోతది."

"పోతది అనకు. ఆడ ఉంటది. తరుగు!" రహమాన్ గొంతు లేచింది. "తెచ్చింది పదకొండు కిలోలు. ఇగో నీ దూది, ఇగో నీ దుమ్ము! అరే, ఇది నా లెక్కనే గద! నా దుకాన్ లెక్కనే! ముప్పై ఏండ్ల సంది నేను రాస్తున్న నియమం గిది! పెట్టినోడు భైంసాకు రాలేదనుకుంటి గద!"

నవ్వడం మొదలుపెట్టాడు. ఓడిపోయిన నవ్వు కాదు. మొదటి రోజు చక్రం తిరిగినప్పటి కన్నా పెద్ద నవ్వు. ఆ నవ్వుకు గడ్డంలోని దూది లేచి జనార్దన్‌రావు మీసాలకు అతుక్కుంది. దాంతో జనం కూడా విరగబడ్డారు. పరశురాములు వెంట వచ్చిన మనిషి నవ్వలేక మోకు మీద కూలబడ్డాడు.

"అంతా లెక్కల ఉన్నది, నా చెయ్యి ఒక్కటే లేదు," అన్నాడు రహమాన్, కళ్లు తుడుచుకుంటూ. "నా చెయ్యినే మరిచిపోయిన చూడు!"

"ఎప్పుడుండె గనుక?" అంది అజీజా. "ఆ బుక్కుల మజూరీ గడి ఎన్నడన్న నిండిందా? చెయ్యి ఉత్తగనే వస్తదని ఊరోళ్లకు నేర్పినవు, ఊరోళ్ల కాడ నువ్వు నేర్చుకున్నవు. చక్రం ఏం తప్పు చేసింది?"

నవ్వు ఒక్కసారి సన్నబడింది. అజీజా ఆ సందులో మోటారు మీద నుంచి లేచింది, వారం రోజుల్లో మొదటిసారి. పరశురాములు ఆశగా ముందుకు వంగాడు. ఆమె లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలోంచి వెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"బయానా."

"మరి ఆటో కిరాయి వదినా? నిర్మల్ దాకా నాలుగు వందలు."

ఆమె రెండు కొత్త మెత్తలు తీసి, దుకాణం పెద్ద తరాజులో వేసి, ఎంత దూదో చదివి వినిపించి, అతని రెండు చంకల్లో చెరొకటి కుక్కింది. మోటారు కోసం పానాలతో వచ్చిన మనిషి మెత్తలతో వెళ్లిపోయాడు. నిర్మల్ దాకా దారిలో ఆటోలోనే పడుకున్నాడని తర్వాత చెప్పాడు.

జనార్దన్‌రావు మాత్రం కదల్లేదు. "అంతా మంచిగనే ఉంది గానీ రహమాన్, నా ఇరవై రెండు వేలు?"

"ఇస్త రావు సాబ్. ఎందుకియ్య? యుమ్నా, ఆ పాత బుక్కులు తియ్యి."

పదిహేడేళ్ల నోటుబుక్కులు దొరికాయి. రావు గారింటికి ఏకి ఇచ్చిన ప్రతి పరుపూ తూకంతో సహా అందులో ఉంది. ఎంత దూది, ఎంత దుమ్ము, ఎన్ని సూదులు. యుమ్నా పైకి చదివింది, రహమాన్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. నలభై ఒకటి. నలభై ఒక్కసార్లూ చివరి గడి ఖాళీ.

"పరుపుకు ఆరు వందల చొప్పున, ఇరవై నాలుగు వేల ఆరు వందలు," అంది యుమ్నా.

"అట్లెట్ల? పదిహేడేండ్ల కింద మజూరీ ఆరు వందలున్నదా?" అన్నాడు జనార్దన్‌రావు. నిజమే, లేదు. ఆ మాట న్యాయమైనదే.

రహమాన్‌కు న్యాయంతో పని లేదు ఆ పూట. "అప్పటి కిలో దూది ఇప్పుడు గూడ కిలోనే తూగుతది రావు సాబ్. చెయ్యి గూడ గంతే."

"నిన్ను మా ఇంటి మనిషివనుకున్ననయ్యా."

"ఇంటి మనిషినే. కాకుంటే పదిహేడేండ్లు ఆగుతుంటినా?"

జనార్దన్‌రావు మీసం మీది దూదిని లాగాడు. అది వేలికి అంటుకుంది. వేలి నుంచి లాగితే ఇంకో వేలికి అంటుకుంది. కాసేపు ఆ దూదితోనే కుస్తీ పట్టి, చివరికి ఆయనే నవ్వేశాడు. "సరే తియ్యి. నా అప్పు కొట్టెయ్యి. మిగిలిందెంత? పత్తి అమ్మినంక ఇస్త."

సాయిచంద్ ఆ పొద్దుటి వీడియో పెట్టలేదు. ఆగిపోయిన చక్రాన్ని ఎవరు చూస్తారన్నాడు. పాత వీడియో ఇంకా ఉంది, చూసేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు, కింద దండాలు పెడుతూనే ఉన్నారు. రహమాన్‌కు దాని మీద కోపం లేదు. నలభై పరుపులూ ఫిబ్రవరి ఇరవై ఆరుకు అయిపోయాయి. పన్నెండు చక్రాలనూ సైకిలు దుకాణానికి వాపసు ఇచ్చి, బేరింగులు అమ్మి, షీటును సోయా ఆరబెట్టుకునే రైతులకు మీటర్ల లెక్కన కోసి ఇచ్చాడు. మొదటి పాత చక్రం ఒక్కటి ఉంచుకున్నాడు. చలికాలం వచ్చిందంటే గిరాకీ ముందు దాన్ని నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఉండ ఉరికి, దాటి, తిరిగొచ్చి ఆగేదాకా చూపిస్తాడు. "ఎందుకాగింది?" అని అడుగుతాడు. తెలియదంటే సంబరం, తెలుసంటే ఇంకా సంబరం. తర్వాత గోడకు వేలాడే పలక చూపిస్తాడు: చేతి మజూరీ, పాత ఇళ్లకు, కొత్త ఇళ్లకు ఒకటే. పాత ఇళ్లలో నాలుగు అలిగి వేరే దుకాణానికి పోయాయి. అక్కడ తరుగు సంచి ఇవ్వరని రెండు తిరిగొచ్చాయి.

యుమ్నా ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. అజీజా వెల్లుల్లి పీట మీద కూర్చునే ఒలుస్తోంది.

జనార్దన్‌రావు ఆ తర్వాత రెండుసార్లు పత్తి అమ్ముకున్నాడు. రెండువేల ఆరువందలు ఇంకా ఇవ్వాలి.